మందులేని రోగానికి ముందుచూపే కాపలా

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మెట్టల్లో వాన మొహం చాటేసిన ఏడు ఇంటిని నిలబెట్టేవి జీవాలే. టమాటా ధర పడిపోయినా, వేరుశనగ ఎండిపోయినా, నాలుగు పొట్టేళ్ళు సంతకు తోలితే పిల్లల ఫీజులో బ్యాంకు వడ్డీయో కట్టుకుంటాం. 2019 పశుగణన ప్రకారం మన రాష్ట్రంలో గొర్రెలు సుమారు 1.76 కోట్లు. దేశంలో తెలంగాణ తర్వాత మనమే. పారుడు రోగానికి, చిటుక రోగానికి, నీలినాలుకకు టీకాలు వేళకు వేయాలని ఏటా అడుగుతూనే ఉన్నాం. ఈసారి టీకాయే లేని రోగం గురించి మాట్లాడుకుందాం.

దాని పేరు స్క్రేపీ. గొర్రెలకు, మేకలకు వచ్చే మెదడు జబ్బు. ఇది బ్యాక్టీరియా వల్లనో వైరస్ వల్లనో వచ్చేది కాదు. గొర్రెలు, మేకల ఒంట్లో ప్రియాన్ అనే ప్రొటీన్ సహజంగానే ఉంటుంది. అది ఆకారం చెడితే, తన పక్కనున్న మంచి ప్రొటీన్‌ను కూడా తనలాగే చెడగొడుతుంది. అలా పేరుకుపోయి మెదడును స్పాంజిలా తూట్లు పొడుస్తుంది. రోగం సోకిన గొర్రె రెండు నుంచి ఐదేళ్ళ వరకు మామూలుగానే మేస్తుంది, ఈనుతుంది, అమ్ముడుపోతుంది. ఆ తర్వాత గోడలకు, గుంజలకు ఒళ్ళు రుద్దుకోవడం, బొచ్చు ఊడటం, వణుకు, తడబడే నడక మొదలవుతాయి. మేత తింటున్నా చిక్కిపోతుంది. లక్షణాలు కనబడ్డాక బతికే గొర్రె లేదు.

ఎలా పాకుతుందో తెలుసుకోవడమే ముఖ్యం. ఈ రోగం ఎక్కువగా అంటేది ఈత సమయంలో. సోకిన గొర్రె వేసే మాయలో, ఉమ్మనీటిలో, పాలలో ప్రియాన్లు ఉంటాయి. పుట్టిన పిల్లకు తల్లి నుంచి, అదే దొడ్డిలోని ఇతర పిల్లలకు మాయ పడిన మట్టి, మేత ద్వారా నోటి నుంచి సోకుతుంది. ప్రియాన్లు మామూలు వేడికి చావవు, ఫార్మలిన్‌కూ లొంగవు. ఐస్‌లాండ్ దేశానికి 1878లో బయటి నుంచి తెచ్చిన ఒక పొట్టేలుతో ఈ రోగం వచ్చిందంటారు. అక్కడ రోగమొచ్చిన మందలను మొత్తం నరికేసి, దొడ్లు ఖాళీ చేసి, ఏళ్ళ తర్వాత కొత్త గొర్రెలను పెడితే, కనీసం 16 ఏళ్ళు గడిచాక కూడా పాత దొడ్డి నుంచే మళ్ళీ అంటుకున్న ఉదంతం ఉంది.

ఈ రోగం మన పల్లెల్లో ఉందని మేం చెప్పడం లేదు. అయితే మన దేశానికి కొత్తదీ కాదు. హిమాలయాల దిగువన కుమావూ కొండల గొర్రెల్లో కనబడిందని 1961లోనే వెటర్నరీ రికార్డ్ అనే పత్రికలో రాశారు. పశువుల అంటురోగాల నివారణకు కేంద్రం చేసిన 2009 చట్టం షెడ్యూలులో స్క్రేపీ కూడా ఉంది. ఇంకొక మాట. స్క్రేపీ మనుషులకు సోకినట్టు ఆధారం లేదు. దీన్ని చూపి మాంసం ధర తగ్గించే దళారులను నమ్మకండి.

మరి మనకెందుకు భయం? మన జీవాలు తిరిగే తీరు చూడండి. కుప్పం దాటితే తమిళనాడు, కర్ణాటక. పుంగనూరు దాటితే కర్ణాటక. ఒక సంతలో కొన్న గొర్రె మూడు చేతులు మారి మూడు రాష్ట్రాలు చుట్టొస్తుంది. ఏ మందలో పుట్టిందని అడిగేవాడు లేడు, రాసుకునేవాడు లేడు. ఎండాకాలం మందలను పొలాల్లో మంద కట్టిస్తాం, ఎరువు కోసం. అక్కడే ఈనుతాయి, మాయ అక్కడే పడుతుంది, కుక్క లాక్కెళుతుంది. మరుసటి వారం అదే పొలంలో ఇంకో మంద మేస్తుంది. ఇటువంటి రోగం అడుగు పెడితే దానికి ఇంతకన్నా సుళువైన దారి ఉండదు.

అందుకే మన చేతిలో ఉన్న పని ముందు చేద్దాం. మాయను, చచ్చిపుట్టిన పిల్లను చేతికి తొడుగు వేసుకుని తీసి కాల్చండి, లేదా కుక్క తవ్వలేనంత లోతులో, మేత నేలకు, నీళ్ళకు దూరంగా పూడ్చండి. ఈసుకుపోయే రోగాలూ, బ్రూసెల్లా కూడా ఈ మాయ నుంచే పాకుతాయి. కోసిన గొర్రె తలను కుక్కలకు వేయకండి. గిర్రున తిరిగే రోగం కుక్కల పురుగు నుంచే వస్తుంది. ఎక్కడ కొన్నారో, ఏ చెవిపోగు నంబరో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. కొత్తగా కొన్న ఆడ జీవాలను కొన్నాళ్ళు విడిగా ఈననివ్వండి. ఎముకల పొడి, మాంసపు పొడి కలిసిన దాణా పెట్టకండి. బ్రిటన్‌లో 1986లో బయటపడిన పిచ్చి ఆవు రోగం అలాంటి దాణాతోనే లక్షా ఎనభై వేలకు పైగా పశువులకు పాకింది, మనుషులకూ ఎక్కింది. ఒళ్ళు గోక్కునే ప్రతి గొర్రెకూ స్క్రేపీ అని బెంబేలు పడొద్దు. మన దగ్గర చాలాసార్లు అది గజ్జి, పేలే. వైద్యం చేయించినా తగ్గక, వణుకు, తడబాటు కూడా ఉంటే రైతు సేవా కేంద్రానికో, 1962కో చెప్పండి.

కానీ చెప్పిన రైతు నష్టపోతే ఇంకెవరూ చెప్పరు. 2009 చట్టం అనుమానం వచ్చినప్పుడు తెలియజేయడం యజమాని విధి అంటుంది. రోగమని తెలిశాక మంద మొత్తం నరకమంటే, కురుబ కాపరికి బతుకుతెరువు ఎక్కడిది? నష్టపరిహారం లేని నిబంధన రైతును రాత్రికి రాత్రి సంతకు తోలేలా చేస్తుంది. అలా తోలిన ప్రతి గొర్రె రోగాన్ని ఇంకో ఊరికి చేరుస్తుంది. కాబట్టి పరిహారం రైతు మీద దయ కాదు, రోగ నియంత్రణలో మొదటి మెట్టు.

మన సంఘం డిమాండ్లు ఇవి. పరీక్షకు తీసుకున్న లేదా నరికిన ప్రతి జీవానికి సంత ధర చెల్లించాలి. నరాల లక్షణాలతో చనిపోయిన గొర్రెల మెదడు నమూనాలు తిరుపతి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో ఉచితంగా పరీక్షించి ఫలితం రైతుకు చెప్పాలి. కొన్ని గొర్రెలకు జన్మతః ఈ రోగాన్ని తట్టుకునే శక్తి ఉంటుంది. మన నెల్లూరు జాతిలో అది ఎంతుందో పరిశోధించాలి. విదేశీ పొట్టేళ్ళు తెచ్చేటప్పుడు స్క్రేపీ లేని మంద నుంచే వచ్చాయన్న ధ్రువపత్రం, విడిగా ఉంచిన కాలం రైతులకు బహిరంగంగా తెలియజేయాలి. సంతల్లో చచ్చిన జీవాలను, వ్యర్థాలను పూడ్చే గుంతలు కట్టించాలి.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ 1950ల్లో బ్రిటన్ నుంచి తెచ్చిన గొర్రెల్లో ఈ రోగం కనబడగానే తుడిచిపెట్టాయి. రోగం మందల్లో పాకక ముందే పట్టారు కాబట్టే గెలిచారు. ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో మాయ పూడ్చడం, కొనుగోలు పుస్తకం, ఈ డిమాండ్లు మూడింటినీ చర్చించి తీర్మానం చేసి పంపండి.