ఆ రాక్షసుడు ఎవరివాడు?

ప్రశ్నించనివానికి విద్య పట్టుబడదని పెద్దలు చెప్పుదురు. అయితే ఏ ప్రశ్న అడుగదగినది, ఏది అడుగరానిది అన్నచోట పెద్దలకును మాకును ఈ సంవత్సరం కొంత అభిప్రాయభేదం కలిగినది. దానిని గూర్చి నాలుగు మాటలు విన్నవించుటకే ఈ వ్యాసం.

మా మిత్రబృందంలో తెలుగు శాఖవారమూ ఉన్నాము, ఉర్దూ శాఖవారమూ ఉన్నాము. సెలవుదినాల సాయంకాలం ఉయ్యూరులో ఒక మిత్రుని ఇంటి డాబామీద చేరి ఒక ఆట ఆడుట మాకు అలవాటైనది. దీనికి చదరంగం వలె బలగం లేదు, పేకాట వలె పందెం లేదు. ఒకడు కథకుడై అడవిని, కోటను, గుహను వర్ణించును. తక్కినవారు వీరుడో, మాంత్రికుడో, దొంగో అయి ఆ కథలో నడుచుదురు. చేసిన సాహసం ఫలించినదా లేదా అన్నది ఇరువది ముఖాల పాచిక తేల్చును. అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 1974లో ప్రకటించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ జాతి ఆటలకు మూలం.

ఆట కంటె మాకు ఎక్కువ ప్రీతికరమైనవి ఆటనడుమ పుట్టు ప్రశ్నలు. ఆ లోకంలో దేవతలెందరు? చచ్చినవాడు ఎక్కడికి పోవును? జిన్ను మానవుని ఆజ్ఞకు ఎందుకు కట్టుబడును? ఒకనాడు రాక్షసుని దగ్గర ఆటయే ఆగిపోయి, అర్ధరాత్రి దాక వాదం నడిచినది. అది విన్న ఒక పెద్దమనిషి “లేనివాని వంశవృక్షం తెలిసికొని మీకు ఒరిగేదేమిరా?” అని మందలించినారు. ఆ మందలింపులో కొంత న్యాయం లేకపోలేదు. పరీక్షలు ముంచుకొని వచ్చుచున్నవి. అయినను ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత మామీద ఉన్నది.

ముందు ఆ రాక్షసుని సంగతి. ఆ ఆటలో రాక్షసుడు మొదట 1975లో, ఆ సంస్థవారి పత్రికలో కనిపించినాడు. 1977లో వెలువడిన ‘మాన్‌స్టర్ మాన్యువల్’ అను గ్రంథంలో అతనికి పులి తల పెట్టి, నోట పొగగొట్టం ఉంచి బొమ్మ గీసినారు. తరువాతి ముద్రణలలో అతని అరచేతులు వెనుకకు తిరిగినవి. అతడు ఎదుటివాడు నమ్మిన మనిషి రూపం ధరించి దగ్గరకు వచ్చునట. మంత్రించిన బాణం తగిలినచో చచ్చునట. ఈ లక్షణాలు వాల్మీకి నుండి వచ్చినవి కావు. 1974లో అమెరికా టెలివిజన్‌లో ప్రసారమైన ‘కోల్చాక్’ అను భయానక ధారావాహిక లోని ఒక భాగం నుండి గైగాక్స్ వాటిని గ్రహించినాడు.

రూపం మార్చి దగ్గరకు చేరుట మనకు కొత్త కాదు. మారీచుడు బంగారు లేడి అయినాడు, రావణుడు సన్యాసి వేషం వేసినాడు. అయితే ఆ గ్రంథంలో ప్రతి ప్రాణి స్వభావం ఒక్క మాటలో నిర్ణయింపబడి ఉండును. రాక్షసుని ఎదుట ‘దుష్టుడు’ అని ఉన్నది. అప్పుడు మాలో ఒకడు అడిగినాడు: “మరి విభీషణుని ఏ వరుసలో వ్రాయుదురు?” ఇంకొకడు ఘటోత్కచుని పేరెత్తినాడు. 1957 నాటి ‘మాయాబజార్’ చూచిన ఏ తెలుగువాడు ఆ ఘటోత్కచుని దుష్టుడనును? మన నూజివీడులో పుట్టిన ఎస్.వి. రంగారావు ఆ పాత్రకు ప్రాణం పోసినాడు కదా!

పిదప జిన్ను వంతు వచ్చినది. ఆటవారు జిన్నులను గాలి, నిప్పు, నేల, నీరు అని నాలుగు భూతాలకు పంచి నాలుగు జాతులుగా చేసినారు. మా ఉర్దూ శాఖ మిత్రుడు తల అడ్డముగా ఊపినాడు. ఖురాన్ ప్రకారం జిన్నులు అగ్ని నుండి సృష్టింపబడినవారు. వారిలోను విశ్వాసులున్నారు, అవిశ్వాసులున్నారు. వారి పేరిట ఒక సూరాయే కలదు అని అతడు చెప్పినాడు. “మీకిది ఆట, నాకిది విశ్వాసం. ఆటలో జిన్నును ఎట్లయినా ఆడండి భాయీ, కాని ఇదే అసలు జిన్ను అనుకొనకండి” అన్నాడు. ఆ మాట మమ్ములను ఆలోచింపజేసినది. ఇన్నేళ్లు ఒకే బల్లమీద కూర్చున్నాము. జిన్ను అనగా ఏమని మేము అతనిని ఒక్కనాడైనా అడుగలేదు. విభీషణుడు అన్నను ఎందుకు విడిచెనని అతడును మమ్ములను అడిగి ఎరుగడు. మా ఇరువురి చేత ఆ ప్రశ్నలు అడిగించుటకు సముద్రాల అవతలి నుండి ఒక ఆట రావలసి వచ్చినది.

కల్పిత లోకాన్ని గూర్చి ప్రశ్నలు వేయుట ఆ దేశంవారు కనిపెట్టిన విద్య కాదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలు. వాటికి పునాదియే ప్రశ్న. మణిసిద్ధుడు కాశికి నడుచుచు ఒక గోపబాలుని తోడు తీసికొనును. దారిలో తనకు కనిపించిన వింతకెల్ల కారణం చెప్పవలెనన్నది ఆ బాలుని షరతు. మజిలీ మజిలీకి అతడు అడుగును, గురువు మణి మహిమచేత తెలిసికొని చెప్పును. గోపబాలుడు అడుగనిచో కథ లేదు. ‘మజిలీ’ అను మాట సైతం ఉర్దూలోని ‘మంజిల్’ మనవద్ద విశ్రమించిన రూపమే.

ఉర్దూలో దీనికి దీటైనది ‘తిలిస్మే హోష్‌రుబా’. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం 1883 నుండి దీనిని అచ్చువేసినది. మొదటి నాలుగు సంపుటాలను ముహమ్మద్ హుసేన్ జాహ్, తక్కినవాటిని అహ్మద్ హుసేన్ కమర్ వ్రాసినారు. అమీర్ హమ్జా గాథలో ఇది ఒక భాగం. తిలిస్మ్ అనగా మాయావులు కట్టిన మాయాలోకం. హోష్‌రుబాకు అఫ్రాసియాబ్ చక్రవర్తి. అందులో కంటికి కనబడు సీమ వేరు, మరుగున ఉన్న సీమ వేరు, చీకటి సీమ వేరు. ఎంత మాయ చేసినను ఆ లోకానికి ఒక కట్టుబాటున్నది. దానికి ఆయుర్దాయం ఉన్నది, దానిని ఛేదింపవలసిన వీరుడు ముందే నిర్ణయింపబడి ఉన్నాడు, ఛేదించు ఉపాయం ఒక ఫలకంపై వ్రాయబడి ఉన్నది. హమ్జా మనుమడు అసద్ ఆ ఫలకం దొరకనిదే గెలువలేడు.

ఇక్కడనే మా జవాబున్నది. కల్పన అనగా ఇష్టం వచ్చినట్లు చెప్పుట కాదు. దానికి నియమం ఉండవలెను, ఆ నియమంలో ఒక సందు ఉండవలెను. రావణుడు వరం కోరునపుడు నరులను, వానరులను లెక్కచేయక విడిచినాడు. ఆ సందులో నుండియే రామకథ నడిచినది. పగలు కాదు, రాత్రి కాదు, లోపల కాదు, వెలుపల కాదు అని హిరణ్యకశిపుడు ఎంత బిగించుకొన్నను, సంధ్యయు గడపయు మిగిలిపోయినవి. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోటరాముడు గెలిచినది కత్తితో కాదు, బలి ఎవరిని కోరుచున్నదో ముందుగా తెలిసికొనుటవలన. నియమం తెలిసినవాడు బలవంతుని గెలుచునని ఈ కథలన్నియు చెప్పుచున్నవి. దానిని అడిగి తెలిసికొను బుద్ధి కథలో అలవడినవాడు రేపు చట్టం ముందు, కార్యాలయం ముందు నిలిచినపుడు కూడ అడుగును. అందుచేత ఇది కాలం వృథా చేయుట కాదని మా అభిప్రాయం.

మన రాక్షసుని, జిన్నును పరాయివారు ఎత్తుకొనిపోయినారని కోపించుటయు మాకు సమ్మతం కాదు. కథలు ఎన్నడును ఒకచోట నిలువలేదు. సంస్కృతంలోని ‘శుకసప్తతి’ చిలుక నఖ్‌షబీ చేతిలో పారసీక ‘తూతీనామా’ అయినది. అదే చిలుక 17వ శతాబ్దంలో గోలకొండ కవి గవ్వాసీ నోట దక్కనీ మాటాడినది. ఆ గోలకొండకు ఓడరేవు మన మచిలీపట్నమే. కథ పోయినందుకు చింత లేదు. మన ఇంట మిగిలిన ప్రతిని చదువువారు లేకపోవుటయే చింత.

అది ఊరక అనుమాట కాదు. మా మిత్రుని దాదీ పెట్టెలో హోష్‌రుబా సంపుటం ఒకటి ఉన్నది. మనుమడు ఉర్దూ మాటాడును గాని ఆ లిపిలోని అంత పెద్ద గ్రంథాన్ని తడబడక చదువలేడు. చదివి వినిపించు తాత గతించినాడు. మాలో మరియొకరి ఇంట కాశీమజిలీ భాగాలు పాతకాగితాలవానికి తూకానికి పోయినవి. మేము పులితల రాక్షసుని లక్షణాలు అప్పజెప్పగలము. అసద్ పేరును, మణిసిద్ధుని పేరును ఈ సంవత్సరమే విన్నాము. మందలింపదలచినచో మమ్ములను దీనికి మందలించుడు, శిరసు వంచి అంగీకరింతుము.

ఏటా మాఘమాసంలో పదిహేను రోజులు మన ఉయ్యూరులో వీరమ్మ తిరునాళ్ళు జరుగును. బొమ్మల అంగళ్లముందు నడుచుచు పసివారు అడుగుదురు: వీరమ్మ ఎవరు? ఎందుకు అమ్మవారైనది? ఏ తల్లియు “లేనిపోని ప్రశ్న” అని వారి నోరు మూయదు. తనకు తెలిసినంత చెప్పును, తెలియనిది ముసలమ్మనడుగుమనును. కళాశాలలోను అంతమాత్రపు ఓర్పు చాలును.

కావున మేమొక పని తలపెట్టినాము. గ్రంథాలయంలో ఒక నోటుపుస్తకం ఉంచుచున్నాము. ఎడమ పుటలో తెలుగు, కుడి పుటలో ఉర్దూ. తెలుగు విద్యార్థి తన ప్రశ్నను ఉర్దూ కథను గూర్చి వ్రాయవలెను, ఉర్దూ విద్యార్థి తెలుగు కథను గూర్చి. జవాబు తెలిసినవారు ఇంటి పెద్దలను విచారించి వ్రాయుదురు. మొదటి ప్రశ్న మేమే వ్రాసినాము: ఫలకం దొరకకముందు అసద్‌కు తిలిస్మ్‌లో తోడు ఎవరు? దాని క్రింద మా మిత్రుడు తన ప్రశ్న వ్రాసినాడు: లంక విడిచి వచ్చిన విభీషణుని వానరులు వెంటనే నమ్మినారా?

రెండింటి క్రిందను జాగా ఉన్నది. దాదీ పెట్టెలోని సంపుటాన్ని ఆదివారాలలో అక్షరం కూడబలుకుకొనుచు చదువుట ప్రారంభించినాము.