మూడు ప్రాణాల గని కార్మికుడు

వీడియో క్రీడలు కాలహరణానికి తప్ప మరెందుకూ కొరగావన్న అభిప్రాయం మన పెద్దలలో బలంగా నాటుకొని ఉన్నది. అందులో కొంత సత్యం లేకపోలేదు. అయినా అన్ని క్రీడలనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. 1985లో వెలువడిన 'సూపర్ మారియో బ్రదర్స్' పేరు మన విద్యార్థులలో చాలామంది ఎరుగుదురు. అంతకు రెండేళ్ళ ముందే, 1983లో, ఇంగ్లండులో 'మేనిక్ మైనర్' అనే క్రీడ వెలువడింది. దాని కథానాయకుడు విల్లీ అనే గని కార్మికుడు. బొగ్గుబావుల నడుమ పెరిగిన మనకే ఆ పేరు పరిచయం లేకపోవడం విచారకరం.

దీనిని రూపొందించిన మాథ్యూ స్మిత్‌కు నాటికి 17 ఏళ్ళు. అనగా మన ఇంటర్మీడియట్ విద్యార్థి వయస్సు. 'జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్' అనే చిన్న కంప్యూటరులో, 48 కిలోబైట్ల చోటులో, అతడు 20 గుహలను ఇమిడ్చాడు. నేటి సెల్‌ఫోనులో ఒక్క ఛాయాచిత్రానికే అంతకు ఎన్నో రెట్ల చోటు కావాలి.

ప్రతి గుహలోనూ విల్లీ మెట్టు నుండి మెట్టుకు దూకుతూ, తాళపుచెవులన్నీ ఏరుకొని ద్వారం చేరాలి. కొన్నిచోట్ల కాలు మోపిన నేల కూలిపోతుంది. మరీ ఎత్తు నుండి పడితే మరణమే. వీటన్నిటినీ మించినది గాలి. తెర అడుగున ఒక గీత క్షణక్షణం కురచవుతూ ఉంటుంది; అది ముగిసిందా, ప్రాణం పోయినట్లే. గుహ దాటినవానికి మిగిలిన గాలే మార్కులుగా మారుతుంది.

ఈ క్రీడలోని ఆకర్షణ దాని న్యాయంలో ఉన్నదని నా అభిప్రాయం. ఇక్కడ అదృష్టానికి తావు లేదు. శత్రువులు నిన్న నడిచిన దారినే నేడూ నడుస్తారు. ఓడినవాడు తన అడుగును తానే దిద్దుకోవాలి. నేటి అనేక క్రీడలలో వలె డబ్బు చెల్లించి గెలుపు కొనుక్కొనే వీలు లేదు.

అయితే విల్లీకి మూడు ప్రాణాలు. మన బావులలో దిగేవారికి ఒక్కటే. లోపలి గాలిలో ప్రాణవాయువు 19 శాతానికి తగ్గరాదని గనుల నిబంధనలు శాసిస్తున్నాయి. కానీ అది తగ్గుతున్నదని చూపే గీత కార్మికుని కళ్ళముందు ఉండదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు చొచ్చుకొని వచ్చి 17 మంది మరణించారు. వారికి మొదటి నుండి మళ్ళీ ఆరంభించే అవకాశం లేకపోయింది.

ఇంతటి విషాదాన్ని ఆటవస్తువు చేయవచ్చునా అని కొందరు ప్రశ్నించవచ్చు. తండ్రి ఏ షిఫ్టుకు వెళ్ళాడో తెలిసిన బిడ్డలకు, ఆయన లోపల పీల్చే గాలి ఎక్కడి నుండి వస్తుందో తెలియదు. తెలుసుకోవాలన్న కుతూహలం ఒక క్రీడ వలన కలిగినా మంచిదే.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి: కంప్యూటరు గదిలో వారానికి ఒక గంట ఇట్టి క్రీడల పరిశీలనకు కేటాయించండి. పదవీ విరమణ చేసిన ఒక సర్దారునో, ఓవర్‌మన్‌నో పిలిచి గని నియమాలు చెప్పించండి. విద్యార్థి మిత్రులారా, ఆ నియమాలతో తెలుగు, ఉర్దూ భాషలలో ఒక చిన్న క్రీడను మీరే తయారుచేయండి. పైకప్పుకు దన్ను పెట్టనిదే అందులో అడుగు ముందుకు పడరాదు. 17 ఏళ్ళ బాలుడు 20 గుహలు నిర్మించాడు. గనుల పక్కనే పెరిగిన మీరు ఒక్కటైనా నిర్మించగలరని నా నమ్మకం.