విదేశ విద్యావేతనములు — మెట్టసీమ విద్యార్థులు

అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదని మనవారి సామెత. అన్నము విషయమున ఇది యెంతవఱకు నిజమో గాని, విద్యావేతనముల విషయమున మాత్రము అక్షరాల నిజము. విదేశ విశ్వవిద్యాలయములలో చదువుకొనుటకు పరప్రభుత్వములును, మన కేంద్రప్రభుత్వమును ఏటేట ధనము కేటాయించుచున్నవి. ఆ ధనము ఇంటికి వెదకికొని రాదు. గడువులోపల దరఖాస్తు పెట్టినవానికే అది లభించును. ఆ గడువు ఎప్పుడో, దరఖాస్తు ఎట్లుండవలెనో నగరములలోని విద్యార్థికి స్నేహితుల వలన, ఉపాధ్యాయుల వలన తెలియును. ఉదయగిరి కొండక్రింద పుట్టిన బిడ్డకు, ఆత్మకూరు చుట్టుపట్ల మెట్టపొలము దున్నుకొను రైతు కుమారునికి దీనిని తెలుపువారెవరు? ఈ ప్రశ్ననే నేడు మేము చదువరుల ముందుంచుచున్నాము.

విదేశవిద్య యనగనే మనవారికి తోచునది అప్పు. పొలము తాకట్టుపెట్టుట, తల్లి మెడలోని బంగారము బ్యాంకున కొదువబెట్టుట, దళారి చేతిలో రుసుము పోయుట, ఏ కళాశాలయో యెఱుగక విమానమెక్కుట, ఇదియే నేటి ఆచారమై యున్నది. అట్లు పోవువారిని మేము నిందింపము. కాని అప్పుచేసి పోవుట వేఱు, యోగ్యతచే ఆహ్వానింపబడి పోవుట వేఱు. మొదటిదానిలో కుటుంబము పణముగా నొడ్డబడును. రెండవదానిలో విద్యార్థి బుద్ధియే పెట్టుబడి. దళారులు మొదటిదానిని గూర్చియే చెప్పుదురు. రెండవదానిలో వారికి లాభము లేదు గదా!

ఇది మన జాతికి క్రొత్తయు గాదు. చిత్తూరు సీమలోని కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు ప్రభుత్వ విద్యావేతనము గడించి కేంబ్రిడ్జికి పోయి చదివిరి. తిరిగివచ్చి 1926లో స్థాపింపబడిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షులైరి. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థవారి యాదరమునను, మామగారు కూర్చిన ధనముతోను 1922 అక్టోబరులో బోస్టను చేరిరి. ఒకరికి సర్కారు చేయూత, ఒకరికి ధర్మనిధి చేయూత. ఆ చేయూతలు లేకున్న వారి ప్రతిభ ఏమై యుండెడిదో మనము ఊహించుకొనవచ్చును.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఈ పద్ధతి దేశముల నడుమ ఒడంబడికగా మాఱినది. 1946లో అమెరికా శాసనసభ్యుడు ఫుల్‌బ్రైట్ ప్రతిపాదించిన చట్టము ననుసరించి, యుద్ధములో మిగిలిన సరకులమ్మగా వచ్చిన ధనమును విద్యార్థుల రాకపోకలకు వినియోగించిరి. 1950 ఫిబ్రవరిలో భారతదేశముతో ఒప్పందము కుదిరెను. 2008 నుండి మనదేశము సమాన భాగస్వామియై వ్యయమును భరించుచున్నది. అందుచేతనే వానికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ వేతనములని పేరు. ఇది భిక్షము గాదు, వినిమయము. మనము వారికి విద్యార్థులను పంపుచున్నాము, వారు మనకు పంపుచున్నారు. కావున దరఖాస్తు పెట్టు విద్యార్థి తల వంచుకొన నక్కఱలేదు.

ఇక నేడు లభ్యమగువానిలో ముఖ్యములను చెప్పెదము. ఐరోపా సమాఖ్యవారి ఎరాస్మస్ ముండస్ పథకములో ఎంపికయైనవారు రెండుమూడు దేశముల విశ్వవిద్యాలయములలో చదివి ఉమ్మడి పట్టము పొందుదురు. నెలకు 1,400 యూరోలు రెండేండ్ల వఱకు లభించును. దరఖాస్తులు సామాన్యముగా అక్టోబరు మొదలు జనవరి వఱకు స్వీకరింపబడును. జర్మనీలో 1925లో స్థాపితమైన డాడ్ అను సంస్థ కలదు. జపాను ప్రభుత్వము ఇంటర్మీడియటు ముగించినవారికి సైతము పట్టభద్రతకై వేతన మిచ్చుచున్నది. ఇంగ్లండువారి చీవ్‌నింగ్ వేతనమునకు పట్టముతోబాటు 2,800 గంటల ఉద్యోగానుభవము కావలెను. ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఎం.ఏ. తరగతి వేతనమునకు మూడేండ్ల అనుభవము కోరుదురు. అనగా, బి.ఏ. ముగిసి ఉద్యోగమున జేరినంతమాత్రమున తలుపు మూతపడలేదు. అప్పుడే ఒక తలుపు తెఱచుకొనుచున్నది. ఈ సంగతి యెఱుగక ఆశ వదలుకొన్న ఉపాధ్యాయులు, గుమాస్తాలు మన పట్టణములలో ఉండకపోరు.

మన మెట్టసీమవారు విశేషముగా గమనింపవలసినది కేంద్ర సామాజిక న్యాయశాఖవారి జాతీయ విదేశ విద్యావేతనము. దీనిలో ఏటికి 125 స్థానములు. అందు 115 షెడ్యూల్డు కులములవారికి, 6 సంచారజాతులవారికి, 4 భూమిలేని వ్యవసాయ కూలీలకును సంప్రదాయ చేతివృత్తులవారికిని. వయస్సు 35 ఏండ్లలోపు, కుటుంబాదాయము ఏటికి ఎనిమిది లక్షలలోపు, మార్కులు నూటికి 60 ఉండవలెను. ప్రపంచములోని మొదటి 500 విశ్వవిద్యాలయములలో నొకదానియందు ప్రవేశము లభించి యుండవలెను. నూటికి 30 స్థానములు స్త్రీలకు. చేతివృత్తులన్నమాట చదువగనే మాకు ఉదయగిరి కొయ్యగరిటెలు జ్ఞప్తికి వచ్చినవి. కొండచెట్ల కొయ్యను చెక్కి చెంచాలు, గరిటెలు చేయు ఆ పనితనమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గరిటెలు దూరదేశములు చేరవచ్చును గాని, వానిని చెక్కినవారి బిడ్డలు మాత్రము చేరరాదా? నియమావళిలో తమకు చోటున్నదో లేదో ఆ కుటుంబములు తెలిసికొనవలెను. తెలియజెప్పుట చదువుకొన్నవారి విధి.

అయితే ఈ పథకమునందలి దోషమును కూడ మేము దాచము. 2022లో ప్రభుత్వము నియమములను సవరించి, భారతదేశ సంస్కృతి, చరిత్ర, భారత సామాజిక విషయములపై పరిశోధన చేయువారికి ఈ వేతనము చెల్లదని ప్రకటించెను. ఇంటిచరిత్రకు విదేశమేల యని వారి తర్కము గాబోలు. ఉదయగిరి సంగతినే చూడుడు. 1514 ప్రాంతమున కృష్ణదేవరాయలు గజపతుల నుండి ఈ దుర్గమును గెలిచి, ఇచ్చటి బాలకృష్ణ విగ్రహమును హంపికి గొనిపోయి ఆలయము కట్టించెను. ఆ విగ్రహము నేడు చెన్నపట్నపు ప్రదర్శనశాలలో నున్నది. నెల్లూరు జిల్లా శాసనములను బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టిగార్లు 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. తూర్పు ఇండియా కంపెనీవారి కాగితములు గుట్టలు గుట్టలుగా లండను గ్రంథాలయమున పడియున్నవి. మన చరిత్రసాధనములు సముద్రమునకు ఆవల నుండగా, వానిని చదువబోవు బీదవిద్యార్థిని నీ చరిత్రకై విదేశ మక్కఱలేదనుట న్యాయమా? ధనికుని కుమారుడు స్వంత ఖర్చుతో పోయి చదివి గ్రంథము వ్రాయవచ్చును. కూలివాని కుమారుడు వ్రాయరాదు. తమ పూర్వులు ఎట్లు బ్రతికిరో వ్రాయు హక్కు అందఱికంటె ఎక్కువగా ఉన్నవారికే ఈ యాటంకము తగిలినది. దీనిని తొలగింపవలెనని మేము ఘంటాపథముగా కోరుచున్నాము.

మఱియొక సంగతి. 2025 జూలైలో ఈ వేతనమునకు 106 మంది ఎంపికయైరి; తొలుత 40 మందికే ఉత్తరువు లిచ్చి, తక్కిన 66 మందికి నిధులు సమకూరినయెడల ఇచ్చెదమనిరి. విదేశ విశ్వవిద్యాలయము తరగతులు మన ఖజానా కొఱకు వేచియుండవు. సీటు చేతిలో నుంచుకొని వేతనము కొఱకు ఎదురుచూచు విద్యార్థి వేదన పాలకు లెఱుగకపోరు. రాష్ట్రమునందును ఇదే తీరు. అంబేద్కర్ పేర, ఎన్టీఆర్ పేర, 2022లో జగనన్న పేర విదేశవిద్యా పథకములు వచ్చినవి. ప్రభుత్వము మాఱినపుడెల్ల పేరును మాఱును, షరతులును మాఱును. పేరు ఎవరిదైన మాకు పేచీ లేదు. నడుమ ఏరు దాటుచున్న విద్యార్థి క్రిందినుండి పడవ లాగివేయకుండుటయే మేము కోరునది.

చదివినవారు తిరిగిరారు, మన ధనము మన మేధ పరులపాలగునని కొందఱందురు. ఈ మాట పూర్తిగ తోసిపుచ్చదగినది గాదు. కాని వినిమయ వేతనములకును అప్పుచదువులకును ఇక్కడనే భేదము. ఫుల్‌బ్రైట్, చీవ్‌నింగ్ వేతనములు పొందినవారు చదువు ముగిసిన పిమ్మట రెండేండ్లు స్వదేశమున నుండవలెనను నిబంధన కలదు. మఱియు, తిరిగిరానివారెల్ల దేశమునకు నష్టమనియు చెప్పజాలము. సుబ్బారావుగారు తిరిగి రాలేదు. 1948లో అమెరికాలోనే కీర్తిశేషులైరి. కాని వారి పర్యవేక్షణమున వెలువడిన బోదకాలు మందు నేటికిని మన దేశమున ఇంటింట పంచబడుచున్నది. అప్పు తీర్చుటకై పరదేశమున చాకిరి చేయవలసిన వాని కంటె, వేతనముపై పోయినవాడే స్వేచ్ఛగా తిరిగి రాగలడు.

కావున చేయవలసిన దేమి? మొదట విద్యార్థి సంగతి. ఏడాది ముందుగానే పని మొదలిడవలెను. పాసుపోర్టు, కుల ధ్రువపత్రము, తహసీల్దారు ఇచ్చు ఆదాయ ధ్రువపత్రము, మార్కుల పట్టికలు, వీనిలో పేరు, ఇంటిపేరు, పుట్టినతేది ఒక్కతీరుగా నుండవలెను. ఒక్క అక్షరభేదము నెలల తరబడి తిప్పును. ఆంగ్లపరీక్షకు పదునాఱు వేల రూపాయలకు పైబడి ఖర్చగును. కేంద్రము పెద్ద పట్టణములలో ఉండును. ఆ పరీక్షాఫలము రెండేండ్లే చెల్లును. ఇక ఉద్దేశపత్రము. దీనిని దళారిచే వ్రాయించుకొనుట ఆత్మహత్యాసదృశము. ఒకే అచ్చుమాటలు వేయి దరఖాస్తులలో చదివి విసిగినవారికి, సోమశిల జలాశయము చెంతనే యుండియు వానకై ఆకాశము వంక చూచు మెట్టరైతు బిడ్డ తన కన్నులార చూచినదానిని సూటిగా వ్రాసిన చాలును. మన బీదతనమును చాటుకొనుటకు గాదు. ఏ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోవుచున్నామో చెప్పుటకు.

తరువాత పెద్దల సంగతి. ప్రతి దరఖాస్తునకు ఇద్దఱు ముగ్గురు ఉపాధ్యాయుల సిఫారసు లేఖలు కావలెను. విద్యార్థి నీవే వ్రాసికొనిరమ్ము, సంతకము పెట్టెద నను ఉపాధ్యాయుడు, తెలిసియో తెలియకయో, వాని దారికి అడ్డము నిలుచుచున్నాడు. విద్యార్థి గుణమును, పనిని ఎఱిగి ఒక్క గంట కూర్చుండి వ్రాసిన ఉత్తరము ఎన్ని మార్కులకైనను సరితూగును. 2008లో స్థాపింపబడిన విక్రమసింహపురి విశ్వవిద్యాలయమువారు జిల్లాలోని ప్రతి కళాశాలకు ఈ గడువులను ముందుగానే తెలుపు నేర్పాటు చేయవలెను.

చివరకు మన పఠనమందిరముల సంగతి. ఉదయగిరిలోను ఆత్మకూరులోను గ్రంథాలయపు గోడమీద ఒక పలకను వ్రేలాడదీయుడు. దానిపై నెలనెల ఏ వేతనమునకు ఏ తేదీ గడువో, ఎవరు అర్హులో తెలుగున వ్రాయుడు. నియమములు ఏటేట మాఱును గనుక అధికార ప్రకటనతో సరిచూచియే వ్రాయుడు. వారమున కొకనాడు ఆంగ్లము తెలిసిన న్యాయవాదియో, ఉపాధ్యాయుడో, పింఛను పుచ్చుకొను ఉద్యోగియో ఒక గంట కూర్చుండి బిడ్డల దరఖాస్తులు దిద్దవలెను. పరీక్షారుసుము కట్టలేనివారికై వర్తకులు చిన్న నిధి కూర్పవలెను. కాకినాడలో ఒక ధర్మనిధి ఒక సుబ్బారావును సముద్రము దాటించినది. ఉదయగిరి, ఆత్మకూరు పట్టణములు కలిసి ఒక్క విద్యార్థి పరీక్షారుసుమునైన భరింపలేవా?

ఎంపిక యగుట మన చేతిలో లేదు. దరఖాస్తు పెట్టుట మన చేతిలోనిది. అర్హత గల మెట్టసీమ బిడ్డ ఒక్కడైనను, ఒక్కతెయైనను, తెలియక గడువు దాటిపోయెనను మాట ఇకమీదట మన పట్టణములలో వినబడకుండుగాక.