తెరమీది గంట, న్యాయస్థానపు పదేండ్లు

దొంగ యెవడో, హంతకుడెవడో ఒక గంటలో తేలిపోవలెనన్న కోరిక మనుష్యునకు సహజమైనదే కాని, ఆ కోరికను కథలోనుండి వార్తలోనికి కొనివచ్చి, ఉదయము జరిగిన నేరమునకు రాత్రి తొమ్మిది గంటలకెల్ల దోషి పేరు వినవలెనని పట్టుపట్టుట మాత్రము ఇటీవలి రెండు మూడు దశాబ్దములలో మనకు క్రొత్తగా అబ్బిన అలవాటు. తిరుపతిలో గాని చిత్తూరులో గాని భోజనానంతరము టెలివిజను ముందు కూర్చున్న కుటుంబమును గమనించినచో, అపరాధ పరిశోధన కథ ముగియగానే వార్తా చానలునకును, అచ్చటినుండి ఏదో యొక ఆటకును, మరల వార్తలకును మారుచు, అన్నింటిని ఒకే మనఃస్థితితో చూచుచుండుట స్పష్టముగా కనిపించును. కథను కథగా చూచుటలో దోషము లేదు. వార్తను కథగా చూచుటలోనే యున్నది.

అపరాధ పరిశోధన కథలపై నాకు చిన్నచూపు లేదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను అద్దె పుస్తకముల దుకాణములనుండి ఇంటికి తెచ్చుకొని, దీపము ఆర్పమని పెద్దలు మందలించుచున్నను చివరి పుట వరకు చదివి గాని నిద్రపోని తరము మన ప్రాంతమున ఇంకను కలదు. 1993లో బాసు చటర్జీ దర్శకత్వమున దూరదర్శనులో వెలువడిన ‘బ్యోంకేశ్ బక్షీ’ని హిందీ అంతంతమాత్రముగా తెలిసినవారు సైతము ఆసక్తితో చూచుటకు కారణము, శరదిందు బందోపాధ్యాయ కల్పించిన ఆ పరిశోధకుడు తుపాకితో గాక తర్కముతో పనిచేయుటయే. 1998లో ప్రారంభమై ఇరువది యేండ్లు సాగిన ‘సీఐడీ’లో తర్కము పలుచబడి తలుపులు పగులగొట్టుట హెచ్చినను, చేసిన నేరము దాగదన్న విశ్వాసమును అది చిన్నపిల్లల మనస్సులలో నిలిపినదనుట సత్యము. ఇట్టి కథలన్నింటికిని ఒక సౌకర్యము కలదు. దోషి యెవడో రచయితకు ముందే తెలియును. ఆధారములను వెదజల్లినవాడును అతడే, వానిని ఒక్కొక్కటిగా ఏరించువాడును అతడే. నిజముగా జరిగిన నేరమునకు రచయిత లేడు. అందు ఒక ఆధారము ఎన్నడును దొరకకపోవచ్చును, దొరికినది దారి తప్పింపవచ్చును, చూచినవాడు భయపడి నోరు మెదపకపోవచ్చును.

2000 సంవత్సరమున అమెరికాలో మొదలైన ‘సీఎస్ఐ’ ధారావాహిక ఈ సౌకర్యమును ప్రయోగశాలలోనికి కొనిపోయినది. వెంట్రుక యొకటి, నెత్తుటి చుక్క యొకటి, అద్దముపై వ్రేలిముద్ర యొకటి చేతికి చిక్కినంతనే యంత్రములు హంతకుని పేరు చెప్పునన్నట్లు చిత్రించుటచే, ఆ దేశపు న్యాయవాదులు జ్యూరీ సభ్యుల బుద్ధి చెడిపోవుచున్నదని కలవరపడిరి. మిచిగాన్ రాష్ట్ర న్యాయమూర్తి డొనాల్డ్ షెల్టన్ 2006లో వెయ్యిమందికి పైగా జ్యూరీ సభ్యులను ప్రశ్నించి చూడగా, అట్టి ధారావాహికలు చూచువారు శాస్త్రీయ సాక్ష్యమును మరింతగా ఆశించుట నిజమే యైనను, ఆ ఆశ వారి నిర్ణయమును పెద్దగా మార్చుట లేదని తేలెను. నాకీ ఫలితము మిక్కిలి విలువైనదిగా తోచినది. నిందితుని కన్నులెదుట కూర్చుండి, ఉభయపక్షముల వాదములను ఓపికతో వినవలసి వచ్చిన సామాన్యుడు కథను మరచి తన బాధ్యతను తలచుకొనుచున్నాడు. ఇంటిలో కూర్చున్న మనపై అట్టి బాధ్యతను మోపువారెవరును లేరు. మన దేశమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఏడేండ్లు గాని అంతకు మించి గాని శిక్షపడదగిన నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలమునకు వెళ్లి ఆధారములు సేకరింపవలెనని విధించుచు, ఆ యేర్పాటు చేసికొనుటకు రాష్ట్రములకు ఐదేండ్ల గడువు నొసగినది. తెరమీద ప్రతి రాత్రియు సిద్ధముగా నుండు ప్రయోగశాల నేలమీద సమకూరుటకు ఎంత కాలము పట్టునో శాసనకర్తలకు తెలియును.

ఇక మన చిత్తూరు సంగతి. 2015 నవంబరు 17న చిత్తూరు నగరపాలక సంస్థ కార్యాలయములో, తన గదిలో విధి నిర్వహణలో నున్న మేయరు కఠారి అనురాధను బురఖాలు ధరించి వచ్చిన దుండగులు పట్టపగలు కాల్చి చంపిరి. ఆమె భర్త కఠారి మోహన్‌ను కత్తులతో నరికిరి, ఆయనయు మరణించెను. ఒక నగరపు ప్రథమ పౌరురాలిని ఆమె కూర్చుండు గదిలోనే హతమార్చుట ఆ నగరమును ఎంతగా కలచివేసినదో అప్పుడు చిత్తూరులో నున్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ దినములలో వార్తా చానళ్లు బాణపు గుర్తులతోను, రేఖాపటములతోను, నటులచేత మరల ఆడించిన దృశ్యములతోను ఆ ఘోరమును పలుమారులు చూపినవి. అది కొన్నాళ్ల ముచ్చట యైనది. ఆ తరువాత కెమెరాలు వెడలిపోయినవి, వ్యాజ్యము మాత్రము మిగిలినది.

ఆ వ్యాజ్యము సాగిన కాలములో రాష్ట్రమున రెండు మారులు ప్రభుత్వము మారెను. మహమ్మారి వచ్చి న్యాయస్థానముల తలుపులు మూయించి వెడలెను. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి చిత్తూరు జిల్లాయే చీలి తిరుపతి వేరు జిల్లా యయ్యెను. సాక్షులు బోనెక్కుచునే యుండిరి, వాయిదాలు పడుచునే యుండెను. తుదకు 2025 అక్టోబరులో చిత్తూరు న్యాయస్థానము మోహన్ మేనల్లునితో సహా ఐదుగురిని దోషులుగా నిర్ణయించి, ఆ నెలాఖరున మరణదండన విధించెను. మిగిలిన నిందితులపై అభియోగములు నిలువలేదు. ఈ కడపటి వాక్యమును పాఠకులు మరియొకమారు చదువవలెనని నా ప్రార్థన. నేరము జరిగిన వారములో తెరమీద వినవచ్చిన పేర్లన్నియు శ్రోతల చెవికి ఒకే బరువుతో సోకినవి. ఎవని చేతికి నెత్తురంటినది, ఎవనికి అంటలేదు అనునది విడదీయుటకు పదేండ్ల సాక్ష్య విచారణ కావలసి వచ్చెను. ఆ పదేండ్లును నిందితుడను పేరుతో బ్రతికి, పెండ్లికి గాని చావునకు గాని బంధువుల గుమ్మము త్రొక్కుటకు సంకోచించిన మనుష్యునికి, నిర్దోషి యని విడిచిపెట్టిన దినమున ఏ చానలు ఒక గంట కాలమిచ్చును? అంతటితో ఈ కథ ముగిసినదియు కాదు. మరణదండన ఏ జిల్లా న్యాయస్థానము విధించినను ఉన్నత న్యాయస్థానము ధ్రువపరచు వరకు అమలు కాజాలదు. ఆలస్యమును నేను పొగడుట లేదు. పదేండ్లు దీర్ఘకాలమే, చనిపోయినవారి బిడ్డలకు మరింత దీర్ఘకాలము. దానిని తగ్గించుటకు న్యాయమూర్తులను, సిబ్బందిని, ప్రయోగశాలలను పెంచవలెను. విచారణయే అక్కరలేదన్నట్లు తీర్పు చెప్పివేయుట అందుకు మార్గము కాదు.

వార్తల నడుమ మన తెరపై కనిపించు ఆటలకు వచ్చినచో, అమెరికను ఫుట్‌బాలు గూర్చి మన ప్రాంతమున మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును గాని, డల్లాసు చుట్టుప్రక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో పట్టణములలో తెలుగు కుటుంబములు వేలుగా స్థిరపడిన ఈ దినములలో, మనుమలు ఫోనులో అవ్వతాతలకు డల్లాస్ కౌబాయ్స్ జట్టు జయాపజయములను చెప్పుట క్రొత్త సంగతి కాదు. ఫ్రిస్కోలోనే ఆ జట్టు కార్యస్థానము కలదు. ప్రక్కకు పదునొకండుగురు, నూరు గజముల మైదానము, నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందునకు జరుగవలెను, లేనిచో బంతి ఎదుటి జట్టు పరమగును. మొదట చూచువారికి మనుష్యులు ఒకరిపై నొకరు పడుటయే ఆటగా కనిపించును. చంద్రగిరి మండలము రంగంపేటలో సంక్రాంతి దినములలో జరుగు పశువుల పండుగ నెరిగినవారికి మాత్రము అంత వింతగా నుండదు. కొమ్ములకు పలకలు కట్టిన కోడెగిత్తలు జనసమ్మర్దములో దూసికొనిపోవుచుండగా, వానికెదురేగి పలకను చేజిక్కించుకొను యువకుని సాహసమునకును, బంతిని పొదివి పట్టుకొని పరుగెత్తువానిని నిలువరించు ఆటగాని సాహసమునకును దగ్గరి చుట్టరికము కలదు. రెండింటను ఎముకలు విరుగును.

ఈ ఆట ప్రసారము మూడు గంటలకు మించి సాగినను, బంతి నిజముగా చలనములో నుండు కాలము సుమారు పదునొకండు నిమిషములేనని లెక్క కట్టినవారు కలరు. తక్కినదంతయు వ్యాఖ్యానము, ప్రకటనలు, చూచినదానినే మరల చూపుట. మన వార్తా చర్చలలో సంఘటనకును సంభాషణకును నడుమ నుండు నిష్పత్తి ఇంతకన్న మెరుగని నేను చెప్పజాలను. అయినను ఆ ఆటలో నన్ను ఆకర్షించిన నియమ మొకటి కలదు. మైదానములోని న్యాయనిర్ణేత చెప్పిన మాటపై సందేహము వచ్చినచో చిత్రములను మరల పరిశీలింతురు. ఈ పద్ధతిని 1986లో ప్రవేశపెట్టి, కొన్నాళ్లకు విడిచి, 1999లో మరల చేపట్టిరి. ఎన్ని కెమెరాలు ఎన్ని కోణములనుండి చూపినను, తప్పు జరిగినదని నిస్సందేహముగా కనిపించిననే తొలి నిర్ణయమును మార్తురు; కనిపించనిచో, లక్షమంది ప్రేక్షకులు కేకలు వేయుచున్నను, అది నిలుచును. ఆధారము చాలదని బహిరంగముగా ఒప్పుకొని ఆట కొనసాగించుట ఒక సంస్కారము. రేపటి ఉదయమునకు మరపునకు వచ్చు ఒక గజము దూరమును గూర్చి వారు పాటించు ఈ నిగ్రహమును, ఒక మనుష్యుని మానప్రాణములను గూర్చి మనము పాటింపకుండుట నాకు బాధాకరముగా నున్నది.

ఆ ఆటయే మరియొక పాఠమును కూడ చెప్పుచున్నది. 2002లో పిట్స్‌బర్గ్‌లో, నైజీరియాలో పుట్టి అమెరికా చేరిన బెనెట్ ఒమాలు అను శవపరీక్షా వైద్యుడు, యాబది యేండ్లకే మరణించిన మైక్ వెబ్‌స్టర్ అను ప్రఖ్యాత ఆటగాని మెదడును పరీక్షించి, తలపై పదే పదే తగిలిన దెబ్బలచే కలిగిన క్షయమును అందు గుర్తించెను. 2005లో ఆయన దానిని ప్రకటించినప్పుడు, ఆ ఆటను నిర్వహించు లీగు పక్షపు వైద్యులు ఆ వ్యాసమును ఉపసంహరింపవలెనని కోరిరి. లీగు ఉన్నతాధికారి యొకరు ఆటకును ఆ వ్యాధికిని సంబంధము కలదని అంగీకరించుటకు 2016 మార్చి రావలసి వచ్చెను. ‘సీఎస్ఐ’లో చూపు వృత్తి ఇదియే; చేసినవాడు నిజమైన మనుష్యుడు. కాని సూక్ష్మదర్శినిలో కనబడిన సత్యము లోకమున నిలబడుటకు పదునాలుగేండ్లు పట్టినది. ఆ కాలమంతయు ఆయన చేసిన పని తెరకెక్కించుటకు వీలులేని పని. పలుచని పొరలుగా కోసిన మెదడు ముక్కలను ఒక్కొక్కటిగా చూచుట, వ్రాసికొనుట, మరల చూచుట.

ఈ వెలుగులో మన ప్రాంతపు వర్తమాన విషయములను తలచుకొనవలసి యున్నది. 2024 సెప్టెంబరులో శ్రీవారి లడ్డూ ప్రసాదమునకు వాడిన నేతిలో కల్తీ జరిగినదను ఆరోపణ వెలువడినప్పుడు భక్తుల హృదయములు గాయపడుట సహజము. ఆ గాయము నాకును తగిలినది. కాని ఒక పక్షమున జరిగితీరినదనియు, వేరొక పక్షమున జరుగనే లేదనియు, పరీక్షా నివేదికలోని పదములకు అర్థము తెలియనివారే రాత్రింబవళ్లు వాదించిరి. అక్టోబరు 4న సర్వోన్నత న్యాయస్థానము సీబీఐనుండి ఇద్దరు, రాష్ట్ర పోలీసునుండి ఇద్దరు, ఆహార భద్రతా ప్రాధికార సంస్థనుండి ఒకరు గల దర్యాప్తు బృందము నేర్పరచెను. ఆ బృందము లెక్కల పుస్తకములు, రవాణా పత్రములు, ట్యాంకర్ల రాకపోకలు పరిశీలించు దినములలో లడ్డూ పేరెత్తు చానళ్లు ఎంతగా తగ్గినవో అందరును చూచినదే. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనపు టోకెన్లకై తిరుపతిలో కూడిన జనములో త్రొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించినప్పుడును, గేటు తెరచినవాడెవడన్న ప్రశ్నకు జవాబు గంటలో కావలసి వచ్చెను; అంత జనము అంత ఇరుకున నిలువవలసిన యేర్పాటును గూర్చిన ప్రశ్న వెనుకబడెను. అంతకు ముందు 2015 ఏప్రిల్ 7న శేషాచలపు టడవిలో, శ్రీవారిమెట్టుకు చేరువ, తమిళనాడునుండి వచ్చిన ఇరువదిమంది కూలీలు పోలీసు కాల్పులలో మరణించిరి. ఎఱ్ఱచందనము నరుకుచు తమపై దాడి చేసినందున కాల్చితిమని పోలీసులును, పట్టుకొని చంపిరని హక్కుల సంఘములును చెప్పినవి. 2021లో విడుదలైన ‘పుష్ప’ మన చిత్తూరు యాసను దేశమంతట వినిపించి, ఎఱ్ఱచందనపు స్మగ్లరును వీరునిగా నిలిపినది. ఆ చిత్రము చూచినవారిలో ఆ ఇరువదిమంది సంగతి తలచినవారెందరు? మన అడవి పేరు చెప్పగానే కథానాయకుని నడక జ్ఞాపకమునకు వచ్చి, గొడ్డలి పట్టి కూలికి వచ్చి శవములై తిరిగివెళ్లినవారు జ్ఞాపకమునకు రాకుండుట మంచిది కాదు.

పత్రికలవారికి నాదొక విన్నపము. చిత్తూరు, తిరుపతి జిల్లాల పుటలలో వారమునకొక దినము, ఒక్క నిలువు వరుసయైనను, పెద్ద వ్యాజ్యములు ఏ దశలో నున్నవో చెప్పుటకు కేటాయింపవలెను. ఏ న్యాయస్థానమున ఏ వాయిదా, సాక్షులెందరు మిగిలిరి, నివేదిక వచ్చినదా లేదా, వాయిదా ఎవరి కోరికపై పడినది, నిర్దోషులుగా విడుదలైనవారెవరు, ఇంతమాత్రము చాలును. విశేషణము లక్కరలేదు. అరెస్టు వార్త ఎంత పెద్ద అక్షరములతో వచ్చినదో, విడుదల వార్తయు అంత పెద్ద అక్షరములతో, అదే పుటలో రావలెను. మేయరు హత్య వ్యాజ్యము ఉన్నత న్యాయస్థానపు విచారణకు వచ్చునప్పటినుండి ఈ వరుసను ప్రారంభించినచో, వారమువారము దానిని చదువుటకు చిత్తూరు పాఠకులు సిద్ధముగా నుందురని నా దృఢవిశ్వాసము.