రీలు కెమెరా రోజులు ఎవరికి బాగుండేవి?

"రీలు కెమెరా రోజులే బాగుండేవి, ఇప్పుడు ఫోటోకి విలువ లేకుండా పోయింది" అనే మాట ఈ మధ్య తెగ తిరుగుతోంది. మనోళ్లు కూడా లైకులు కొట్టి షేర్ చేస్తున్నారు. నాకు ఈ మాట మీద గట్టి అభ్యంతరం ఉంది. ఎందుకో చెప్తాను, పూర్తిగా చదివి మీరే తేల్చండి.

రీలుకి 36 ఫోటోలు. రీలు కొనాలి, టౌనుకు పోయి కడిగించాలి, ఒక్కో కాపీకి మళ్లీ డబ్బులు. చెయ్యి కదిలితే ఆ ఖర్చు గంగపాలు. పైగా ఫోటో పోయిందని తెలిసేది కడిగించాకే. అందుకే ఊళ్లో ఫోటో అంటే పెళ్లికి, ఓణీల ఫంక్షన్‌కి, పరీక్ష హాల్ టికెట్‌కి. మీ తాతగారి ఫోటోలు ఇంట్లో ఎన్ని ఉన్నాయో చూడండి. చాలా ఇళ్లలో గోడకి తగిలించిన పటం ఒక్కటే ఉంటుంది. అదీ ఏ పెళ్లి గ్రూపు ఫోటోలోంచో ముఖం కత్తిరించి పెద్దది చేయించింది. ఆయన అరక పట్టిన ఫోటో ఉందా? కుప్ప నూర్చిన ఫోటో ఉందా? పని చేసేవాడి మీద రీలు ఖర్చు పెట్టిందెవరు? ఫోటోకి విలువ ఉండేది, కాదనను. ఆ విలువలో మన వాటా ఎంత అని అడుగుతున్నా.

1975లో అమెరికాలో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ మొదటి డిజిటల్ కెమెరా తయారు చేశాడు. మూడున్నర కిలోల పైనే బరువు. ఒక్క బొమ్మ క్యాసెట్ టేపు మీదకి ఎక్కడానికి 23 సెకన్లు. రీళ్ల అమ్మకం మీద బతికే కంపెనీ, దాన్ని ముందుకు తీసుకుపోవడానికి మనసు పెట్టలేదు. చివరికి 2012 జనవరిలో అదే కంపెనీ దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కింది. రీలు పోయినందుకు ఏడ్చేవాళ్లలో రీలు అమ్ముకున్నవాళ్లు ఉంటే అర్థం ఉంది. రీళ్లు కడిగి బతికిన స్టూడియో అన్నల పొట్ట కొట్టినట్టయింది, అది నిజంగా బాధే. మనం ఎందుకు ఏడవాలి?

డిజిటల్ తెచ్చిన అసలు మార్పు ఏంటంటే, తప్పు తీయడానికి ఖర్చు లేకుండా పోయింది. తీస్తాం, అక్కడికక్కడే చూసుకుంటాం, బాగోకపోతే చెరిపేసి మళ్లీ తీస్తాం. ఎవరి దగ్గరా శిష్యరికం చెయ్యకుండా మన పిల్లలు ఫోటో తీయడం నేర్చుకున్నది అలాగే. 2021లో మిరప పూలల్లో నల్ల తామర పురుగు దిగినప్పుడు గుర్తు తెచ్చుకోండి. పువ్వు దులిపి, అరచేతిలో పెట్టి ఫోటో తీసి శాస్త్రవేత్తకి పంపితే ఆ రోజే చూసే వీలుంది. రీలు కడిగించుకుని వచ్చేసరికి పూత రాలిపోయేది.

ఇక మన మీదకి వద్దాం. విలువ పోయిందంటే అది కెమెరా వల్ల పోలేదు, మన అశ్రద్ధ వల్ల పోయింది. ఫోన్లో రెండు వేల ఫోటోలుంటాయి. మొలక రాని విత్తనం సంచి మీద లాట్ నంబరు ఫోటో మాత్రం ఉండదు. గుడ్ మార్నింగ్ బొమ్మలతో ఫోను నిండిపోతే, ఒక్క దెబ్బకి అన్నీ చెరిపేస్తాం. వడగళ్లు పడ్డ చేను ఫోటో కూడా అందులోనే పోతుంది. ఫసల్ బీమా అమల్లో ఉన్న చోట వడగళ్ల నష్టం 72 గంటల్లో తెలియజేయాలి. ఆ మూడు రోజులూ మనం స్టేటస్ పెట్టుకుని "అయ్యో" అనిపించుకోవడంతోనే సరిపోతోంది. తర్వాత ఎవరైనా "ఇది నీ చేనే అని రుజువేంటి?" అంటే నోరెళ్లబెడతాం.

ఫోటో ఫైల్లోనే తారీఖు, టైము ఉంటాయి. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆన్ చేస్తే స్థలం కూడా ఎక్కుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, బొమ్మ కూడా పలచబడుతుంది. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఫోటోలు మార్చేయడం చిటికెలో పని అయిన ఈ రోజుల్లో, చెయ్యి పెట్టని అసలు ఫైలుకే బలం.

కాబట్టి నష్టం జరిగినప్పుడు మూడు ఫోటోలు తీయండి. మొదటిది గట్టు మీద నుంచి, మన బోరో, చెట్టో, ట్రాన్స్‌ఫార్మరో కనపడేలా. రెండోది చేను మధ్యలో నుంచి. మూడోది మొక్క దగ్గరగా, పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి. పురుగైతే ఆకు తిప్పి అడుగు భాగం కూడా తీయండి. బిల్లు, సంచి విడిగా దాచండి, ఒక్క ఫోటోతో అన్నీ తేలవు. నెలకోసారి పిల్లల చేత పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఇంట్లో పెద్దవాళ్లు పని చేస్తుండగా తీసిన ఫోటో ఒక్కటైనా స్టూడియోలో ప్రింటు వేయించండి. అన్నకి నాలుగు రూపాయలొస్తాయి, మన మనవలకి మన ముఖం మిగుల్తుంది.

పాత రోజుల మీద బెంగ ఉన్నవాళ్లు పెట్టుకోండి, తప్పు లేదు. ఆ రోజుల్లో ఊరి మొత్తానికి కెమెరా ఒక్కటి ఉంటే గొప్ప. ఇప్పుడు కూలికి పోయే చెల్లెమ్మ చేతిలో కూడా ఉంది. అందిన దాన్ని వాడుకోకుండా, అందని రోజులే మేలని మనమే చెప్పుకుంటే ఎట్లా?