చేతి ఫోనులో గులకరాయి బేరం

కర్నూలు నుండి ఒక యువ సోదరుడు ఈ శీర్షికకు సుదీర్ఘమైన లేఖ రాశారు. పదేళ్లుగా వీడియో గేములు ఆడుతున్నానని దాపరికం లేకుండా తెలిపారు. ఆడవచ్చునా, ఆడకూడదా అని ఆయన అడగలేదు. ఆటలు అమ్మే కంపెనీలు చేస్తున్న వ్యాపారం ధర్మబద్ధమేనా అని అడిగారు. ఆటల ధరలు ఆకాశాన్ని అంటుతున్నాయట. లోపల ఏముందో చెప్పకుండా పెట్టెలు అమ్ముతున్నారట. రూపాయిలను ఏవో నాణేలుగా మార్చి లెక్క తెలియకుండా చేస్తున్నారట. డబ్బు పోసి కొన్న ఆటను కొన్నేళ్లకు కంపెనీయే మూసివేస్తోందట. ఎనిమిదో తరగతి చదువుతున్న తన తమ్ముడు రంజాన్ పండుగకు వచ్చిన ఈదీ డబ్బు మొత్తాన్ని ఒక్క రాత్రిలో అలాంటి పెట్టెలకే ధారపోశాడని కూడా రాశారు.

మన పెద్దలకు ఈ ఆటల విషయంలో తెలిసిన ఉపదేశాలు మూడే: కళ్లు పాడవుతాయి, చదువు చెడుతుంది, నమాజు తప్పుతుంది. మూడూ నిజాలే. కానీ పిల్లల చేతిలోని ఫోనులో ఒక బజారు నడుస్తోందనీ, ఆ బజారుకు కూడా షరీఅత్ నియమాలు వర్తిస్తాయనీ వారికి చెప్పేవారు అరుదు. తూనికల్లో మోసం చేసేవారి పేరిట దివ్య ఖుర్‌ఆన్‌లో ఒక సూరాయే ఉన్నది. అంతటి ప్రాముఖ్యం గల విషయాన్ని ఆట కదా అని వదిలేయడం తగదు.

ముందుగా ధర సంగతి. ఈ ఒక్క ఫిర్యాదులో సోదరునితో నేను ఏకీభవించలేను. అమెరికాలో చాలా ఏళ్లు 60 డాలర్లుగా ఉన్న పెద్ద ఆటల ధర 2020 నుండి 70 డాలర్లకు చేరింది. 2025లో నింటెండో కంపెనీ ఒక కార్ల పందెం ఆటకు 80 డాలర్లు నిర్ణయించింది. మన దేశంలో కొత్త ఆట ఒక్కొక్కటి దాదాపు 5 వేల రూపాయలు పలుకుతోంది. ఎక్కువే. అయితే మదీనాలో సరుకుల ధరలు పెరిగినప్పుడు, ధర నిర్ణయించమని ప్రజలు కోరినా దైవప్రవక్త (స) అందుకు అంగీకరించలేదని హదీసు గ్రంథాలలో ఉన్నది. అమ్మేవాడు తన ధరను బహిరంగంగా చెప్పి, వస్తువును చూపించి, ఇష్టమైతే కొనమంటే అది అన్యాయం కాదు. పైగా ఇది బియ్యం కాదు, మందు కాదు. ఆరు నెలలు ఓపిక పడితే ఇవే ఆటలు చాలా వరకు తగ్గింపు ధరకు వస్తాయని ఆ సోదరునికి నాకంటే బాగా తెలుసు.

అసలు దోషం ఎక్కువ ధరలో లేదు, దాచిన ధరలో ఉన్నది. ఆ పెట్టెలనే చూడండి.

తల్లిదండ్రుల కోసం కొంచెం వివరిస్తాను. ఆట ఉచితం. ఆడే బొమ్మ తొడుక్కునే దుస్తులు, తుపాకీకి వేసే రంగుల తొడుగు మాత్రం ఉచితం కాదు. వీటిని పిల్లలు స్కిన్‌లు అంటారు. వాటిలో అపురూపమైనవాటిని నేరుగా అమ్మరు. క్రేట్ అనే మూసిన పెట్టెలో పెట్టి, పెట్టెను అమ్ముతారు. తెరిస్తే కోరినది రావచ్చు, పనికిరానిది రావచ్చు. ఇంగ్లీషు దేశాలలో దీన్నే లూట్ బాక్స్ అంటారు.

మదర్సాలో క్రయవిక్రయాల అధ్యాయం బోధించేటప్పుడు గులకరాయి బేరం దగ్గర విద్యార్థులు నవ్వుతుంటారు. గులకరాయి విసిరితే అది ఏ బట్టపై పడితే ఆ బట్ట ఈ ధరకు నీది అనే బేరం అజ్ఞాన కాలపు అరబ్బుల్లో ఉండేది. మడత విప్పకుండా, తాకినంత మాత్రాన కొన్నట్టే అనే బేరం కూడా ఉండేది. దైవప్రవక్త (స) రెంటినీ నిషేధించారు. నీటిలోని చేపను, గాలిలోని పక్షిని అమ్మడం గురించి కూడా మా పాఠ్యగ్రంథాలలో చర్చ ఉన్నది. ‘ఇలాంటి బేరాలు ఎవరు చేస్తారు హజ్రత్?’ అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. చేసేవారు కోట్లలో ఉన్నారు. గులకరాయి స్థానంలో వేలి స్పర్శ వచ్చింది, అంతే.

ఏమి కొంటున్నామో తెలియని ఇటువంటి బేరాన్ని ధర్మశాస్త్రంలో గరర్ అంటారు. అదృష్టంపై ఆశతో సొమ్ము ఒడ్డడం మైసిర్, అంటే జూదం. మద్యంతో కలిపి దాన్ని నిషేధించిన ఆయతులు మాయిదా సూరాలో 90, 91 సంఖ్యలలో ఉన్నాయి. తమ పెట్టె జూదం కాదని కంపెనీలు చెప్పే సమాధానం ఒకటి ఉన్నది: కొన్నవారెవరూ వట్టి చేతులతో వెళ్లరు, ఏదో ఒక వస్తువు తప్పక వస్తుంది. ఒకప్పుడు బడి ముందు చిల్లర దుకాణంలో పావలాకు అట్టమీది చీటీ చింపించి, గడియారం ఆశ చూపి, పిప్పరమెంటు చేతిలో పెట్టేవాడు కూడా ఇదే మాట చెప్పేవాడు. పిల్లవాడు పావలా ఇచ్చింది గడియారం కోసం. పిప్పరమెంటు జూదాన్ని కప్పే ముసుగు మాత్రమే.

అవకాశాల శాతాలు ప్రకటిస్తున్నాం కదా అని మరొక సమాధానం. చైనా 2017లో ఈ ప్రకటనను తప్పనిసరి చేసింది. మంచిదే, కాని చాలదు. నూటికి ఒక్క అవకాశం అని రాసి ఉంటే, వంద పెట్టెలు తెరిస్తే ఒకటి ఖాయమని పిల్లలు అనుకుంటారు. ఈ సోదరుని తమ్ముడూ అలాగే అనుకున్నాడట. లెక్క వేసి చూడండి: ఒక్కొక్కరు వంద పెట్టెలు తెరిచినా, నూరుమందిలో సుమారు 37 మందికి ఆ వస్తువు ఒక్కసారి కూడా దక్కదు.

ఈ విషయంలో మనకంటే ముందు మేల్కొన్నవారు ఉన్నారు. 2017 నవంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే సంస్థ 60 డాలర్ల ఆటలో మళ్లీ ఇలాంటి పెట్టెలు పెట్టినప్పుడు ఆటగాళ్లు పెద్దఎత్తున తిరగబడ్డారు. ఆట విడుదలకు ముందు ఆ అమ్మకాన్ని కంపెనీ నిలిపివేయవలసి వచ్చింది. 2018 ఏప్రిల్‌లో బెల్జియం జూద నియంత్రణ సంఘం మూడు ప్రసిద్ధ ఆటల్లోని పెట్టెలు జూద చట్టానికి విరుద్ధమని తేల్చింది. నెదర్లాండ్స్‌లో మాత్రం అదే సంస్థపై విధించిన కోటి యూరోల జరిమానాను 2022 మార్చిలో అక్కడి ఉన్నత న్యాయపీఠం కొట్టివేసింది. పెట్టె విడిగా ఒక ఆట కాదనీ, నైపుణ్యంతో ఆడే పెద్ద ఆటలో భాగమనీ దాని వాదన. మన ఫుఖహాలు ఒప్పందంలో పేరును కాక పరమార్థాన్ని చూడమన్నారు. మసీదు గోడకు ఆనుకుని ఉన్నంత మాత్రాన మద్యం దుకాణం మసీదులో భాగం కాదు కదా!

మన పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు గెలుచుకునే ఆశతో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. అంతకు ముందే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఇటువంటి చట్టాలు తెచ్చాయి. హర్షించదగినవే. అయితే వాటి దృష్టి ప్రధానంగా పందెపు సొమ్ముపైనే ఉన్నది. ఎనిమిదో తరగతి పిల్లవాడి క్రేట్ దగ్గర కాపలా కాయవలసినది ఇంటివారే.

ఇక నాణేల సంగతి. ఉదాహరణకు వస్తువు ధర 70 నాణేలు అనుకుందాం. నాణేలను 60 చొప్పున మాత్రమే అమ్ముతారు. రెండు మూటలు కొంటే 50 మిగిలిపోతాయి. మిగిలినవి ఉన్నాయి కదా అని మళ్లీ కొంటారు. ఈలోగా రూపాయిల్లో ఎంత ఖర్చయిందో పిల్లవాడికే కాదు, తండ్రికి కూడా అంతుపట్టదు. 2025 జనవరిలో అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ గెన్‌షిన్ ఇంపాక్ట్ ఆట కంపెనీపై మోపిన ఆరోపణల్లో ఈ గందరగోళపు నాణేల పద్ధతి కూడా ఒకటి. 2 కోట్ల డాలర్లు చెల్లించడానికీ, 16 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల అనుమతి లేకుండా పెట్టెలు అమ్మకుండా ఉండడానికీ ఆ కంపెనీ ఒప్పుకున్నది. 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ ఆట యజమాని ఎపిక్ గేమ్స్, వినియోగదారులకు తిరిగి ఇచ్చేందుకు 24.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. పొరపాటున మీట తగిలినా డబ్బు పోయేలా ఏర్పాటు చేశారన్నది అక్కడి అభియోగం. ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి లోపలి తడిని బయటపెట్టిన దైవప్రవక్త (స) ఆ వ్యాపారితో ఏమన్నారో పాఠకులకు గుర్తు చేయనక్కర లేదు.

కొన్న ఆట మాయమవడం గురించిన ఫిర్యాదు నాకు అన్నింటికంటే ఆలోచింపదగినదిగా తోచింది. 2014లో యుబీసాఫ్ట్ విడుదల చేసిన ‘ద క్రూ’ అనే ఆట సర్వర్లను 2024 మార్చి 31న మూసివేశారు. డబ్బిచ్చి కొన్నవారి దగ్గర డిస్కు మిగిలింది, ఆట పోయింది. దీనిపై ఐరోపాలో సాగిన ఉద్యమానికి 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. మేము అమ్మింది ఆటను కాదు, వాడుకునే అనుమతిని మాత్రమే అని కంపెనీల జవాబు. అలాగైతే ఆ మాట కొనే ముందే స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసింది. 2025 నుండి అది అమలులో ఉన్నది.

షరీఅత్ మరొక అడుగు ముందుకు వేస్తుంది. అమ్మకమైతే వస్తువు కొన్నవాడి సొత్తు, అమ్మినవాడు తిరిగి లాక్కోలేడు. అద్దె అయితే గడువు ముందే తెలియాలి. గడువు తెలియని అద్దె ఒప్పందం లోపభూయిష్టమని ఫుఖహాలు అన్నారు. అమ్మకం ధర తీసుకుని, అద్దె షరతులు పెట్టి, గడువు చెప్పకపోవడం ఈ రెంటిలో దేనికీ చెందదు. ఫలానా సంవత్సరం వరకు నడుపుతామని పెట్టెపై అచ్చువేస్తే చాలు, సగం తగవు తీరిపోతుంది. కొన్ని పదాల పని అది.

‘వాళ్లు మోసం చేస్తున్నారు కనుక మేము దొంగ కాపీలు వాడితే తప్పేమిటి?’ అని తన మిత్రులు వాదిస్తున్నారని సోదరుడు రాశారు. తప్పే. ద్రోహం చేసినవాడికి సైతం ద్రోహం చేయవద్దన్నది ప్రవక్త (స) బోధన. 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ రచనలపై, ఆవిష్కరణలపై హక్కులను షరీఅత్ గుర్తిస్తుందని తీర్మానించింది. కంపెనీ నచ్చకపోతే కొనడం మానవచ్చు.

ఇక తమ్ముని ఈదీ. యుక్తవయస్సు రాని, కాని మంచిచెడులు గ్రహించగల బాలుని క్రయవిక్రయాలు సంరక్షకుని అనుమతిపై ఆధారపడతాయని హనఫీ ఫిఖ్‌హ్ చెబుతుంది. తండ్రి సమ్మతించకపోతే ఆ బేరం చెల్లదు. కాబట్టి మీ నాన్నగారు మౌనంగా ఉండకూడదు. ముందుగా ఫోనులో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డు అడిగే ఏర్పాటు చేయించండి, ఆ పాస్‌వర్డు పిల్లవానికి తెలియనివ్వకండి. డబ్బు వాపసు కోరే వీలు యాప్ దుకాణంలోనే ఉంటుంది. ఆలస్యమైన కొద్దీ దొరికే అవకాశం తగ్గుతుంది. తమ్మున్ని కొట్టవద్దు. పక్కన కూర్చోబెట్టుకుని, ఆ ఆటలోనే రాసి ఉండే అవకాశాల పట్టికను తెరిచి, పైన చెప్పిన లెక్క వానిచేతనే వేయించండి.

లేఖ చివర, స్కిన్‌లతో నిండిన తన ఖాతాను మరొకరికి అమ్మితే ఆ సొమ్ము హలాలా అని సోదరుడు అడిగారు. ఖాతాను అమ్మబోనని చేరేటప్పుడు అంగీకరించారా లేదా చూసుకోండి. సాధారణంగా ఆ షరతు ఉంటుంది. ఉంటే అమ్మకూడదు, ముస్లిములు తమ షరతులకు కట్టుబడాలి. మీ నాన్నగారి అర్జీకి కంపెనీ నుండి ఏ జవాబు వచ్చినా నాకు తెలియజేయండి. ఇదే ప్రశ్నతో మరో రెండు ఇళ్ల నుండి ఉత్తరాలు వచ్చి ఉన్నాయి.