యార్డులో బండి చవకే, అది ఏ రైతుదో అడిగారా?

చీనీ తోటలో కొమ్మలు వాలాక పెద్ద ట్రాక్టరు దూరదు. దూరినా కాయ రాలుతుంది. అందుకే 24, 27 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ చిన్న ట్రాక్టర్ల మీద మన అనంతపురం జిల్లా రైతుల కన్ను పడింది. కొత్తది కొనే శక్తి లేక సెకండ్ హ్యాండ్‌కు తిరుగుతున్నాం. తిరగడంలో తప్పు లేదు. కానీ మన కాళ్లు నేరుగా హైవే పక్కనున్న సీజింగ్ యార్డుకే పోతున్నాయి.

ఆ యార్డులో నిలబెట్టిన ప్రతి బండినీ ఎవరో ఒక రైతు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాడు. కొన్నిటి మీద పిల్లల పేర్లు ఇంకా చెరగలేదు. వాన ఎగ్గొట్టింది, టమాటా ధర పడిపోయింది, రెండు మూడు కిస్తీలు తప్పాయి. అంతే, తెల్లవారేసరికి బండి యార్డులో ఉంది. రౌడీలను పంపి బండ్లు లాక్కోవద్దని 2007లోనే సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అయినా 2022 సెప్టెంబరులో జార్ఖండ్‌లోని హజారీబాగ్ జిల్లాలో ట్రాక్టరు జప్తును అడ్డుకోబోయిన ఒక రైతు కూతురు, గర్భవతి, అదే ట్రాక్టరు కింద పడి చనిపోయింది. బయటి ఏజెంట్లతో వసూళ్లు చేయించవద్దని రిజర్వ్ బ్యాంకు ఆ కంపెనీని ఆపింది. కొన్ని నెలలకే ఆ ఆంక్ష ఎత్తేసింది.

కాబట్టి మేం చెప్పేది ఒకటే. యార్డు బండి నచ్చితే అడ్వాన్సు ఇచ్చే ముందు సి-బుక్కులో ఉన్న పేరు చూసి, ఆ రైతు ఇంటికి పోండి. నోటీసు అందిందా, ఎంత కట్టాడు, ఎంత బాకీ ఉంది, అడగండి. నోటీసు లేకుండా లాక్కొచ్చిన బండయితే పాట పాడవద్దు. "మనం కొనకపోతే ఇంకొకడు కొంటాడు" అనే మాట మాకు తెలుసు. మన భూములు వేలానికి వచ్చిన రోజున కూడా ఆ మాటే వినపడుతుంది.

ఇది జాలి కోసం మాత్రమే చెప్పడం లేదు. మూడేళ్ల కిందట మన సభ్యుడొకాయన బ్రోకరు దగ్గర చిన్న ట్రాక్టరు కొన్నాడు. లోను తీరిపోయింది, ఎన్‌ఓసీ వారంలో ఇస్తానన్నాడు బ్రోకరు. ఖాళీ ఫారాల మీద పాత యజమాని సంతకాలు కూడా చూపించాడు. ఆ బేరానికి పక్కన కూర్చుని తల ఊపిన వాళ్లలో మేమూ ఉన్నాం. ఐదో నెలలో ఫైనాన్స్ వాళ్లు వచ్చి బండి తోలుకుపోయారు. బ్రోకరు ఫోను ఎత్తలేదు. పాత యజమాని ఊరు పదిహేను కిలోమీటర్లే. ముందే ఒక్కసారి పోయుంటే సంగతి తెలిసేది.

కాగితాల విషయం సూటిగా చెబుతాం. ఫారం 29 అమ్మినవాడు 14 రోజుల్లో, ఫారం 30 కొన్నవాడు 30 రోజుల్లో ఇవ్వాలి. లోను ఉన్న బండికి ఫారం 35, ఎన్‌ఓసీ చేతికి వచ్చాకే డబ్బు. జప్తు చేసిన బండిని కంపెనీ తన పేరుకు మార్చుకోవడానికి ఫారం 36 ఉంది, అది చేశారా అని అడగండి. బళ్ళారి వైపు నుంచి తెచ్చే కేఏ నంబరు బండికి ఫారం 28 కూడా కావాలి. ఇన్సూరెన్సు పేరు మార్పుకు 14 రోజుల్లో రాసివ్వాలి. అమ్మే రైతుకూ ఒక హెచ్చరిక: సి-బుక్కులో ఎవరి పేరుంటే ప్రమాదానికి వాళ్లే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక బండి. తెల్లవారుజామునే పోండి, ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీకంటే ముందే స్టార్ట్ చేశారని అర్థం. నీలం పొగ వదలకుండా వస్తుంటే ఆయిలు కాలుతోంది. అవర్ మీటరును నమ్మకండి, క్లచ్ పెడల్ రబ్బరు అరుగుదల చూడండి. రోటవేటరు ఎత్తి ఇంజన్ ఆపండి. పది నిమిషాల్లో అది నేలకు దిగిపోతే హైడ్రాలిక్ పని ఉంది.

అసలు పరీక్ష ముందు ఇరుసు దగ్గర. హెచ్చెల్సీ కింద వరి దమ్ములో తిరిగిన బండయితే సీళ్లు పోయి ఇరుసులోకి నీళ్లు దిగి ఉంటాయి. డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేయించండి. ఆయిలు మజ్జిగ కలిపినట్టు తెల్లగా వస్తే ఆ బండి వదిలేయండి, లేదా లోపలి గేర్లు, బేరింగుల ఖర్చు ధరలో తగ్గించమనండి. ఫోర్ వీల్ బండిలో ముందు చక్రం వెనక చక్రం కంటే పిసరంత వేగంగా లాగేట్టు లెక్కగట్టి టైర్లు పెడతారు. యార్డు వాళ్లు దొరికిన సైజు టైరు తగిలిస్తారు. అప్పుడు గేర్ల మీద బరువు పడి లోపల అరిగిపోతాయి. తారురోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడిపినా అదే నష్టం. దుక్కి నేలలోకి తీసుకుపోయి, లివరు వేసి, ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో చూడండి. మేం చూసిన ఒక బండిలో లివరు ఉంది, కింద షాఫ్టు లేదు!

బేరంలో ఒక మాట గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త ట్రాక్టరు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్తది తగ్గాక పాతది పాత ధరకే ఎందుకు కొనాలి?

మా డిమాండు ఇది. ప్రతి యార్డులో బండి పక్కనే బోర్డు పెట్టాలి. నోటీసు ఇచ్చిన తేదీ, రైతు బాకీ, వేలంలో వచ్చిన ధర దాని మీద రాయాలి. బాకీ పోను మిగిలిన సొమ్ము రైతుకు చేరిన రసీదు చూపించాలి. ఇవేవీ రహస్యాలు కావు, దాచడం వల్ల లాభపడేది మాత్రం రైతు కాదు.

మన మండలం యార్డులో ఇప్పుడొక చిన్న ఫోర్ వీల్ ట్రాక్టరు ఉంది. పాత యజమాని మన సంఘం సభ్యుడే. అడుగుతున్న ఇద్దరూ మన సభ్యులే. నోటీసు కాపీ చూపించమని మండల కమిటీ యార్డుకు ఉత్తరం రాసింది. జవాబు వచ్చేదాకా ఆ బండి మీద ఎవరూ పాట పాడవద్దని ఆ ఇద్దరినీ కోరాం. ఒకాయన సరేనన్నాడు. రెండో ఆయన ఇంకా ఏమీ చెప్పలేదు.